రెండో ఇంటిపేరు

ఊరు వదిలినవాళ్లకే ఊరిపేరు ఇంటిపేరవుతుందని ఎవుతీకియో మాస్టారు ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పారు. వాల్దెలాగ్వా అనే ఊళ్లోనే ఉండిపోయినవాళ్లను వాల్దెలాగ్వావాళ్లని ఎవరు పిలుస్తారు? కొండ దిగి సోరియా వైపు గొర్రెలు తోలుకొచ్చినవాళ్లకే ఆ పేరు అంటుకుంది. ఆయన బడిలో మాస్టారుగా చేరిన ఏడాది హాజరుపట్టీలో వాల్దెలాగ్వాలు తొమ్మిది మంది. ఇప్పుడు బడే లేదు. ఆ పేరువాళ్లలో మిగిలింది ఆయనొక్కరే. కూతురు బెలెన్ మార్చిలో పోయింది.

సమాధులు కడిగి పూలు పెట్టే సకల పునీతుల పండుగ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొస్తే, పక్కింటి ఫెలీసా వాకిలి ఊడుస్తూ నవ్వింది.

"ఎవరొస్తున్నారు మాస్టారూ, మనవరాలా, బిషప్పుగారా?"

"మనవరాలే. బిషప్పుకైతే ఈ చొక్కా చాలు, దానికే చాలదు."

మనవరాలు ఐనోవా సరగోసా బస్సు దిగింది. ఇద్దరూ బకెట్టు, బ్రష్షు, చామంతుల కుండీ పట్టుకుని శ్మశానానికి వెళ్లారు. బెలెన్ సమాధి రాయి ముందు మాస్టారు జేబులోంచి ఒక దరఖాస్తు తీసి ఇచ్చారు. ఆ దేశంలో పిల్లలకు రెండు ఇంటిపేర్లు, తండ్రిది ముందు, తల్లిది తర్వాత. రేపటి తరానికి వెళ్లేది ముందున్నదే. ఆ వరుస మార్చమని అడిగే కాగితం అది.

"నువ్వే నింపావు కదూ తాతా? రాత చూస్తేనే తెలుస్తోంది."

"సంతకమొక్కటే మిగిలింది. నీకు పద్దెనిమిది నిండాయి, ఎవర్నీ అడగక్కర్లేదు. మీ నాన్న ఇంటిపేరు గోమెస్ ఎక్కడికీ పోదు. వెనక్కి జరుగుతుంది, అంతే."

"నేను పుట్టినప్పుడు అమ్మ అడిగిందీ అంతే కదా?"

మాస్టారు బకెట్టు కింద పెట్టారు. ఐనోవా పుట్టిన రోజు ఆసుపత్రి నుంచి బెలెన్ ఫోను చేసింది. "నాన్నా, చట్టం ఒప్పుకుంటోందిట. మన పేరు ముందు పెడతాం." ఆయన హాజరుపట్టీలో తల్లి ఇంటిపేరు ముందున్న పిల్లలు ఇద్దరు ముగ్గురుండేవారు. ఆ పేరు పిలిచినప్పుడు మిగతా పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకోవడం ఆయనకు గుర్తుంది. "తండ్రి లేని పిల్ల అనుకుంటారు. ఊళ్లో నేను తలెత్తుకోవాలా వద్దా?" అన్నారు. "సరే నాన్నా" అంది బెలెన్. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కూతురు తన మాట విందని ఆయన అన్నేళ్లూ సంతోషపడ్డారు.

"నాన్న అప్పుడే ఒప్పుకున్నాడు తాతా," అంది ఐనోవా. "నువ్వు కాదన్నావని అమ్మ ఏడిస్తే, ఆయనే ఊరుకోబెట్టాడట. ఇప్పుడు ఆయనకు నేనొక్కదాన్నే. ఇది తీసుకెళ్లి ఆయన ముందు ఎలా పెట్టను?"

"నా మీద కోపమా?"

"కోపమేం లేదు. ఆలస్యమైంది, అంతే."

ఆమె దరఖాస్తు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని రాయి తోమసాగింది. తల్లి పేరు దగ్గర బ్రష్షు పక్కన పెట్టి, అక్షరాల సందుల్లోని మట్టిని గోటితో తీసింది. మాస్టారు నీళ్లు పోస్తూ నిలబడ్డారు. ఆ పేరు కింద తన పేరు కోసం ఆయన ఖాళీ ఉంచమన్నారు. ఆ ఖాళీని కూడా ఆమె శుభ్రంగా తుడిచింది.

చామంతుల కుండీ పెడితే ఒక పక్కకు ఒరిగింది. "కింద ఏదైనా పెట్టాలి తాతా," అంటూ ఐనోవా గులకరాయి కోసం వెతికింది. మాస్టారు వంగి, పక్కన పెట్టిన దరఖాస్తును తీసుకుని చిన్నగా మడిచి కుండీ కింద దోపారు. కుండీ నిలబడింది.

"నీ బస్సు ఎన్నింటికమ్మా?" అని అడిగారు.