ఏమీ అనదులే

"మా ఆవిడ ఏమీ అనదులే, నిశ్చింతగా వచ్చేయండి!" అని భర్త ఫోన్లో పెదనాన్న కొడుక్కి భరోసా ఇస్తున్నాడు. వాళ్ళు ఆరుగురు, మకాం నెల్లాళ్ళు. పిల్లల స్కూలు డబ్బాలకు మూతలు పెడుతూ ఆమె నిజంగానే ఏమీ అనలేదు. బట్టలు మడతపెడుతున్న అత్తగారూ ఏమీ అనలేదు. "నువ్వో నెల సెలవు పెట్టెయ్. నువ్వు లేకపోతే ఆసుపత్రి మూతపడుతుందా ఏమిటి?" అని నవ్వాడాయన. ఆ నవ్వంటే ఆమెకు ఒళ్ళుమంట.

మూతపడదు, నిజమే. కానీ గుండెజబ్బు పిల్లలకు కొత్త సిరప్ ట్రయల్ ఇవాళే మొదలు. కొందరికి కొత్తది, కొందరికి పాతది ఇచ్చి ఏది మేలో తేల్చాలి. ఆ సంగతి పిల్లలకు విడమర్చి, సరేనో కాదో వాళ్ళ నోటితోనే చెప్పించే నర్సు ఆమె. ఈ పని కోసం ఎంత ఎదురుచూసిందో ఇంట్లో ఎవరికీ తెలీదు. చెప్పే సందేదీ? నోరు తెరిచేలోపు ఎవరికో తువ్వాలు కనపడదు.

ఆసుపత్రిలో మొదట వచ్చిన పాప తలెత్తలేదు. "కానివ్వండి సిస్టర్, మా పిల్ల ఏమీ అనదు" అన్నాడు తండ్రి.

"అదేనండీ చిక్కు. ఏమీ అనకపోతే మా దగ్గర వద్దన్నట్టే లెక్క."

ఆమె పాప ముందు కూర్చుని మందు సంగతంతా విడమర్చింది. పాప మెల్లగా అడిగింది. "చేదా?"

"కొంచెం."

"మధ్యలో మానేయొచ్చా?"

"ఎప్పుడైనా. ఎందుకని ఎవరూ అడగరు."

"అయితే సరే. రక్తం తీసే సూది మాత్రం ఎడమచేతికే. కుడిచేత్తో నేను బొమ్మలేస్తాను."

"ఇన్ని మాటలొచ్చా నీకు!" అని నోరెళ్ళబెట్టాడు తండ్రి. ఆమె పకపకా నవ్వేసింది.

బస్సులోనూ ఆ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఆలోచనలో పడింది. ఇంత మంచి రూలు ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? తను ఏమీ అనలేదు కాబట్టి ఎన్నెన్ని జరిగిపోయాయి! చిన్నప్పుడు తనూ బొమ్మలు వేసేది, ఆ రంగులు ఏ అటక మీద ఉన్నాయో.

"సెలవు పెట్టేశావా?" అన్నాడు భర్త, ఆమె చెప్పులు విప్పకముందే.

"లేదు. పెట్టను."

"అదేంటి, పొద్దున ఏమీ అనలేదుగా!"

"అనలేదు. అంటే ఒప్పుకోలేదని." కుర్చీ లాగి చూపించింది. "కూర్చోండి. పెళ్ళయినప్పట్నుంచీ నేనేమీ అననివి చాలా ఉన్నాయి."

లోపలి గదిలోంచి అత్తగారు గబగబా వచ్చి, ఆ కుర్చీ పక్కనే ఇంకోటి వేసుకుంది.

"ఆగవే అమ్మాయ్, ముందు నన్ను చెప్పనీ. నీకంటే ఎన్నో ఏళ్ళ ముందునుంచీ నేనేమీ అనడంలేదు."