పక్క మెషీన్ ఆవిడ

తడి దుప్పటి అంచులు రెండు చేతులా పట్టి, ఒక్కసారి విదిలించి, అతను వేడి రోలర్‌కు అందించాడు. అవతల ఆవిరిలోంచి వచ్చిన దుప్పటిని భార్య అందుకుంది. మడత పెట్టింది. దగ్గింది. ఇంకోటి అందుకుంది. ఆ హోటల్ నేలమాళిగలో వాళ్ళ కాపురం ఇంతే. ఈ చివర అతను, ఆ చివర ఆమె, నడుమ రోలర్.

ఆవిరి పని మానకపోతే మనిషి దక్కదన్నాడు డాక్టరు. పై అంతస్తుల్లో గదులు సర్దే పని ఒకటి ఖాళీగా ఉంది. దానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి. అందుకని ఆమె హోటల్ వాళ్ళు పెట్టిన మధ్యాహ్నం క్లాసులో చేరింది. తోడుగా అతనూ చేరాడు.

క్లాసులో ఆమెకు అండక్క అని పేరు పడింది. ఏం చెప్పబోయినా 'అండ్, అండ్' అంటూ గొలుసు అల్లుకుపోతుంది.

"రైలైనా స్టేషన్లో ఆగుతుందమ్మా, నువ్వెందుకు ఆగవు?" అంది టీచరు.

"ఆగితే వీళ్ళలో ఎవరో అందుకుంటారు మేడం. నాకు మళ్ళీ సందు దొరకదు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అతనికి 'ఆల్దో' వచ్చు. దానికి తోకగా 'బట్' కూడా తగిలించి మురిసిపోయేవాడు. రెండూ కలిపి వాడకూడదని ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు పరీక్ష. ఆఫీసరు వచ్చి, రోజూ చేసే పని ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఆమె లేచింది. ఏప్రాన్ నాడా తెగినచోట పెట్టుకున్న చెక్క క్లిప్పును తడుముకుంటూ మొదలుపెట్టింది.

"ఐ కమ్ అండ్ షీట్ కమ్ అండ్ ఐ ఫోల్డ్ అండ్ స్టీమ్ కమ్ అండ్ ఐ కాఫ్ అండ్ షీట్ కమ్ అండ్..."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేక, ముందు బెంచీలో ఉన్న అతని వైపు తిరిగాడు. "ఈవిడ మీ మనిషేనా?"

ఆమె ఆగింది. ఎవరూ ఆపకుండా ఆగడం అదే మొదలు.

"పక్క మెషీన్ ఆవిడండీ," అన్నాడు అతను.

అతని భార్యేనని క్లాసంతటికీ తెలుసు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పై అంతస్తుకు అతన్నే తీసుకున్నారు. నాకొద్దు, ఆమెకివ్వండి అనడానికి ఏ భాషైనా సరిపోయేది. అనలేదు.

మెట్లు దిగుతుంటే ఆమే మాట్లాడింది. "పైన కిటికీలుంటాయట. తెరిచి పెట్టుకోండి."

మళ్ళీ రోలర్ తిరిగింది. అతను తల వంచుకుని దుప్పట్లు అందిస్తూ పోయాడు. సాయంత్రం అవతల ఒక దుప్పటి నేలమీదికి జారింది. దాని మీద ఇంకొకటి పడింది.

"ఏమే, అందుకో."

మెషీన్ ఆపి అటు వెళ్ళాడు. మాసిన గుడ్డల మూటకు ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గు లేదు.

స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు ఆమె మీకేమవుతుందని అడిగారు. ఈసారి సరిగ్గానే చెప్పాడు.

ఆమె మడిచిన దుప్పట్ల దొంతర మీద చెక్క క్లిప్పు ఉంది, ఆవిరికి నల్లబడి, ఇంకా వెచ్చగా.