పెట్టకు కుట్టిన చొక్కా

దర్జీ కోడలికి కుట్టుపని తప్ప వేరే వైద్యం తెలియదు. పెరట్లోని ఆరు కోళ్లలో తెల్లపెట్ట వీపున ఈకలు ఊడి నెత్తురు కారుతోంది. పొడిచేది నల్లపెట్ట. అబ్బో, దాని పొగరు చూడాలి! అది తిన్నాకే మిగతావి గింజ ముట్టాలి.

అత్తగారు నాన్చలేదు. "ఆదివారం దాకా చూస్తానే. తెల్లది అలా పొడిపించుకుని చచ్చేకంటే కూరైపోతే నయం."

 గుప్పెడంత పిల్లగా ఉన్నప్పటి నుంచి కోడలి మిషను కింద గుడ్డపేలికల్లో పెరిగిన పెట్ట అది. కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన పడేసి, గాయానికి మందు రాసి, వీపు కప్పేలా చిన్న చొక్కా కుట్టింది. రెక్కల దగ్గర ఎలాస్టిక్ కూడా వేసింది. గుడ్డ మాత్రం ఎర్రది. చేతికి అదే దొరికింది మరి!

పెరట్లో వదిలిందో లేదో, నల్లదే కాదు, ఐదూ ఎగబడ్డాయి. కోడలు చీపురు పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చింది.

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నెత్తుటి రంగు కనబడితే కోళ్లు ఊరుకుంటాయటే?"

కోడలికి ఒళ్లు మండింది. ఎర్రది విప్పేసి బూడిదరంగు చొక్కా కుట్టి తొడిగింది. తెల్లపెట్టను గంప కింద దాచబోతూ ఆగిపోయింది. దెబ్బలు తిన్నదానికి చెర, కొట్టినదానికి పెరడంతానా? ఇదెక్కడి న్యాయం!

నల్లదాన్నే పట్టుకొచ్చి గంప కింద కమ్మేసింది. నీళ్లూ గింజలూ లోపలే పెట్టింది. అది మూడు రోజులు ఇల్లు పీకి పందిరేసింది. నాలుగో రోజుకి గొంతు తగ్గింది. పెరట్లో మిగతావి తెల్లదాని జోలికి పోకుండా హాయిగా మేశాయి.

ఆదివారం పొద్దున్నే అత్తగారు వచ్చి నిలబడింది. కోడలు గంప ఎత్తింది. నల్లది ఒళ్లు దులుపుకుని నేరుగా గింజల పళ్లెం మీదికి వెళ్లింది. అక్కడే మేస్తున్న తెల్లపెట్ట కదల్లేదు. మెడ చాచి, నల్లదాని నెత్తిన ఒకే ఒక్క పోటు పొడిచింది. అది గతుక్కుమని వెనక్కి తగ్గి, అన్నింటికీ వెనకాల నిలబడింది.

"దెబ్బకి దెయ్యం వదిలిందే!" అంది అత్తగారు.

కోడలికి కళ్లు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు. "మరి కూర సంగతేంటి అత్తయ్యా?"

"పోవే! చొక్కా తొడుక్కుని తిరిగేదాన్ని ఎవరైనా కోసుకుంటారా?"