చివరి ఇరవై నిమిషాల గేటు

1984 నవంబరు పద్దెనిమిది, ఆదివారం. సమ్మెలో ఉన్న గని కార్మికుల కోసం నడిపే వంటశాలలో ఆ రోజు బంగాళాదుంపలు, ఉడికించిన బఠాణీలు. వడ్డించే మేవిస్ నా పళ్లెంలో ఇంకో గరిటె వేసింది.

"ఒంటి మనిషివి మాస్టారూ, ఇంటికెళ్లి ఏం వండుకుంటావులే."

తిన్నాక గని కార్మికులతో కలిసి రగ్బీ లీగ్ మైదానానికి నడిచాను. టికెట్టు కొనే స్థితి ఎవరికీ లేదు. మా యార్క్‌షైర్ ఊళ్లలో ఆట చివరి ఇరవై నిమిషాలకు గేటు తెరుస్తారు. లేనివాడు ఊరికే లోపలికొస్తాడు. అది తాతలనాటి హక్కు.

ఆ రోజు తెరవలేదు. క్లబ్బు చైర్మన్ బ్రిగ్ లారీలే సమ్మె కాపలాను దాటి బొగ్గు తోలుతున్నాయి. తాళంచెవి కార్యదర్శి క్లిఫ్ చేతిలో ఉంది. ఒకప్పుడు మా జట్టులో ముందువరస ఆటగాడు. మోకాలు పోయాక ఆఫీసు కుర్చీ ఇచ్చారు, క్లబ్బు ఇల్లిచ్చారు.

"తీశావో, ఉద్యోగమూ ఉండదు, ఇల్లూ ఉండదు" అన్నాడు బ్రిగ్.

ఊచల ఇవతలి నుంచి ఎవడో అడిగాడు: "క్లిఫన్నా, కుర్చీ ఎక్కాక మోకాలు బాగైందా?"

"లేదురా. కుర్చీకీ కాళ్లు సరిగ్గా లేవు."

"మరి తాళం?"

క్లిఫ్ చేతిలోని తాళంచెవి వైపు చూశాడు. వాన పడుతోంది.

లోపల రెఫరీ స్క్రమ్‌కు ఈల వేశాడు. భుజాలు కలిపి వంగాల్సిన మా జట్టువాళ్లు వంగలేదు. ఎదుటి జట్టుదీ గని ఊరే. వాళ్ల కెప్టెన్ గేటు వైపు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఆళ్లు లోపలికొస్తేగానీ మేమూ వంగం."

టికెట్టు కొని కూర్చున్నవాళ్లంతా లేచారు. "గేటు తియ్యి" అన్న కేక మైదానమంతా పాకింది.

క్లిఫ్ తాళంలో చెవి పెట్టాడు.

"నీ ఇల్లు, క్లిఫ్" అన్నాడు బ్రిగ్.

"తెలుసండీ." అలసిన గొంతు. తాళం తిప్పాడు.

అందరం లోపలికి వెళ్లాం. ఆట సాగింది. ఓడిపోయాం.

తెల్లారేసరికి ఇల్లు ఖాళీ చేయమని బ్రిగ్ నుంచి క్లిఫ్‌కు సాయంత్రమే కబురొచ్చింది. వంటశాలలో మేవిస్ చేతులు తుడుచుకుంటూ అంది: "గని గేటు దగ్గర కాపలా కాస్తన్నాం కదా. ఈ రాత్రి నుంచి క్లిఫ్ గడప దగ్గరా కాద్దాం. ముందెవరు?"

చాలా చేతులు లేచాయి, నాది కూడా.

చీకటి పడ్డాక క్లిఫ్ ఇంటి మెట్ల మీద సర్దుకుని కూర్చున్నాం. "ఇళ్లకు పోండర్రా, జలుబు చేస్తది" అన్నాడు క్లిఫ్. ఎవరూ కదల్లేదు. లోపలికెళ్లి దుప్పట్లు తెచ్చి ఇచ్చాడు. అప్పటికే కునుకు తీస్తున్నవాళ్లు లేవకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు. గొళ్లెం మాత్రం పెట్టలేదు.