చాయ్ తాగని శ్రోత

పళ్ల డాక్టరు జమునకు ఉన్న పెద్ద బాధ ఏమిటంటే, ఆమె ఎదుట నోరు తెరిచేవాళ్లు బోలెడుమంది, మాట్లాడేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. కరీంనగర్‌లోని ఆమె క్లినిక్‌లో పొద్దున్నుంచీ పాత సంగీతం రికార్డింగులు మోగుతూనే ఉంటాయి. కుర్చీలో వెల్లకిలా పడుకున్న మనిషిని ఈ రాగం ఎట్లుందని అడిగితే "ఆఁ" అంటాడు. నోట్లో దూది కుక్కినవాడు తోడి అన్నా ఆఁ అంటాడు, దవడ తోడేస్తానన్నా ఆఁ అంటాడు. ఇంట్లో భర్త మంచివాడే గానీ ఆయన రెండు చెవులనూ ఏనాడో క్రికెట్టుకు రాసిచ్చేశాడు. రాగాల్లో తోడి ఉంది గానీ వినడానికి తోడెవరూ లేరని ఆమె తనలో తానే నవ్వుకునేది.

అందుకే శ్రవణ మిత్రమండలి అంటే ఆమెకు ప్రాణం. నెలకొక ఆదివారం పొద్దున గ్రానైట్ వ్యాపారి వెంకటేశ్ షోరూం పైఅంతస్తులో సంగీతం పిచ్చి ఉన్నవాళ్లంతా చేరతారు. వంతు ప్రకారం ఒకరు తమకిష్టమైన రికార్డింగు తెచ్చి వినిపిస్తారు. విన్నాక ఎవరికెట్లా అనిపించిందో ఒక్కొక్కరూ చెప్పాలి. పంటి డాక్టరూ రాతి వ్యాపారీ ఒక గదిలో కూర్చున్నా పంటి కింద రాయి పడని చోటు ఇదొక్కటేనని వెంకటేశ్ గొప్పగా చెప్పుకునేవాడు.

రాయి పడకపోవడం సంగీతం మహిమ కాదు, చాయ్ మహిమ. రికార్డింగు ఎవరిదో ఆ పూట చాయ్, సర్వపిండి వాళ్లవే. ఎవరి చాయ్ తాగితే వాళ్ల రికార్డింగుకు వంక పెట్టకూడదు. ఒకప్పుడు ఇద్దరు సభ్యులు ఒక మృదంగం మీద తగువుపడి, మృదంగాన్ని వదిలి ఒకరినొకరు వాయించుకోబోతే, అధ్యక్షుడు బుచ్చిరాములు పెట్టిన కట్టుబాటు ఇది. బుచ్చిరాములు తహసీల్దారుగా రిటైరయ్యాడు. ఆ కచేరీలో దిగి ఈ కచేరీలో ఎక్కాడు గానీ హుకుం మాత్రం కుర్చీతోపాటు వదిలిపెట్టి రాలేదు. ఆయన శాసనం ప్రకారం చాయ్ ఉన్నచోట విమర్శ ఛాయ కూడా కనపడరాదు. పోనీ చాయ్ మానేద్దామా అంటే, ఈ దిక్కు ఎదురుగా పెట్టిన చాయ్ కాదనడం ఆ ఇంటి గడప మీద ఉమ్మేసినంత పని. కాబట్టి అందరూ తాగేవారు. మొదటాయన బాగుందనేవాడు, రెండో ఆయన చాలా బాగుందనేవాడు, వంతు చివరిదాకా వచ్చేసరికి "ఇగ మాటల్లేవు" అనేవారు. మాట్లాడుకోవడానికి పెట్టుకున్న సంఘంలో మాటలకే కరువు.

జమున కూడా ఇన్నాళ్లూ బాగుందనే అంటూ వచ్చింది. అన్న ప్రతిసారీ పుచ్చిన పన్ను శుభ్రం చేయకుండా పైన సిమెంటు పూసినట్టుండేది. పైకి తెల్లగానే ఉంటుంది, లోపల సలుపు.

ఆ నెల వంతు బుచ్చిరాములుది. వచ్చే నెల జమునది. ఆమె వంతు కోసం ఎంత కాచుకుని ఉందో ఆమెకే తెలుసు. ఆమె పుట్టిన సరిహద్దు ఊరు ఇచ్చోడలో రేడియో తిప్పితే సగం మరాఠీ పలికేది. ఆ గరగర మధ్యలో ఒకరోజు వీణ వినబడి, చేతిలో ఉన్న జొన్నరొట్టె చేతిలోనే ఉండిపోయింది. పెద్దయ్యాక అట్లాంటి వీణ కోసం వెతికి వెతికి, ఎవరింట్లోనో వాన పడుతుండగా ఒకామె వాయించిన తోడి సంపాదించింది. ఆ ఒక్కటి నలుగురి మధ్య పెట్టి, నలుగురేమంటారో వినాలని ఆమె ఆశ.

బుచ్చిరాములు తెచ్చింది తన గురువుగారి పాట. ఆ గురువుగారు ఒకప్పుడు బాసరలో పాడుతుంటే బుచ్చిరాములు స్వయంగా టేపు మీదికి ఎక్కించుకున్నాడు. ఆయన భార్య బాలలక్ష్మి ఫ్లాస్కు వంచి అందరికీ చాయ్ పోసి, ఎప్పటిలాగే పోయి మెట్ల దగ్గర కూర్చుంది. జమున మాత్రం కప్పు పట్టుకోలేదు. కడుపు బాగాలేదా అని వెంకటేశ్ అడిగాడు. బాగానే ఉందంది. టేపు మొదలైంది.

పాట అయిపోయాక భేష్‌లు బయల్దేరాయి. భేష్‌కూ భేషజానికీ మధ్య సందు లేకుండా గది నిండిపోయాక జమున వంతు వచ్చింది.

"గొంతు గొప్పది సార్, కాదంటలే," అంది జమున. "గని పక్కన వయొలిన్ ఆయన జర మాట మొదలువెట్టంగనే మీ గురువుగారు అడ్డం పడుతుండు. ఆయన ఎత్తుకుంటుండు, ఈయన మింగుతుండు. చప్పట్లు పెరిగిన కొద్ది ఇంకింత మింగుతుండు. నా మనసంత ఆ వయొలిన్ కాడనే ఉండిపోయింది. ఆఖరికి లేచిపోదామనిపించింది."

ఎవరి కప్పు వాళ్ల చేతిలో ఆగిపోయింది. బుచ్చిరాములు ముఖం శ్రుతి తప్పింది.

"రాగం తెలుసా మీకు? తాళం తెలుసా?" అన్నాడాయన.

"తెల్వది. నేనేం విన్ననో అది తెలుసు."

"మా ఇంటామె చాయ్ మీకెందుకు చేదయింది మరి?"

"తాగితే అబద్ధమాడాలె సార్. అక్క చాయ్ మీద నాకేం కోపం లేదు."

వెంకటేశ్ మధ్యలో దూరాడు. "డాక్టరమ్మా, బాగుందని ఒక్క మాట అనరాదా, ఏం పోతది?"

"ఆ ఒక్క మాటనే పోతది."

బుచ్చిరాములు తహసీల్దారు గొంతు తీశాడు. అన్న మాట వాపసు తీసుకుంటే సరి, లేదంటే వచ్చే నెల వంతు లేదు, ఈ గదిలో చోటు లేదు. జమునకు వీణ గుర్తొచ్చింది. ఒక్క తల ఊపితే ఆ తోడి ఈ గదిలో మోగుతుంది. మోగాక అందరూ ఆమె చాయ్ తాగి, బాగుందంటారు. ఎట్లా ఉందో ఎవరూ చెప్పరు. అది గుర్తొచ్చాక ఆమె తల అడ్డంగానే ఊగింది. చెప్పులేసుకుని దిగిపోయింది.

సాయంత్రానికి ఆమెను మండలి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఊరందరి పళ్లూ పీకే మనిషిని బుచ్చిరాములు ఒక్క వేలితో పీకేశాడు. మత్తు సూది కూడా వేయలేదు.

జమున పోయి ప్రాధేయపడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె పోయింది నిజమే గానీ చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని పోయింది. పెళ్లికి పిలిచినట్టు ఇల్లిల్లూ తిరిగింది. మొదట వెంకటేశ్ ఇంటికి పోయి ఆయన భార్యకు బొట్టు పెట్టి, వచ్చే ఆదివారం మా క్లినిక్‌ల వీణ వినుటానికి రావాలె అని చెప్పింది. తర్వాత మిగతావాళ్ల ఇళ్లు. చివరగా బుచ్చిరాములు ఇంటికి. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. జమున ఆయనను పలకరించకుండా నేరుగా వంటింటి దాకా పోయింది.

"చాయ్ పెట్టుమంటవా డాక్టరమ్మా?" అంది బాలలక్ష్మి అలవాటుగా.

"లేదక్కా. నువ్వు కూసోని వినాలె. ఎట్లనిపిస్తే అట్ల చెప్పాలె. చాయ్ నేను పెడత."

జమున పెట్టిన బొట్టును బాలలక్ష్మి నుదుట సర్దుకుంది. ఇన్నేండ్లల్ల నన్ను వినుమని ఎవ్వలూ పిలువలే అంది. ఆ మాట పేపరు అవతలికి కూడా వినబడింది. పేజీ మాత్రం తిరగలేదు.

చాయ్ కట్టుబాటు బుచ్చిరాములు చేసిన చట్టం. బొట్టు కట్టుబాటు ఆయన పుట్టకముందునుంచీ ఉన్నది. బొట్టు పెట్టించుకుని పోకపోతే ఇంటికి మంచిది కాదు. ఏ తహసీల్దారూ దాని మీద స్టే ఇవ్వలేడు. ఆదివారం నాటికి జమున వెయిటింగ్ రూములో ఆడవాళ్లు నిండిపోయారు. వెనకాల, వాళ్లను బండ్ల మీద దింపడానికి వచ్చి, దింపి పోలేక, గోడకానుకుని నిలబడ్డ మండలి మొత్తం ఉంది. బుచ్చిరాములు కూడా ఉన్నాడు, దంతాలు తోముకునే పద్ధతి బొమ్మ కింద.

జమున అందరికీ చాయ్ పోసింది. మాట ఒకటే చెప్పింది. ఇక్కడ చాయ్ తాగి తిట్టొచ్చు, తాగకుండా మెచ్చుకోవచ్చు, రెండింటికీ సంబంధం లేదు. తర్వాత వీణ పెట్టింది.

అయిపోయాక మొదట బాలలక్ష్మిని అడిగింది. బాలలక్ష్మి భర్త వైపు చూడలేదు.

"అబద్ధమెందుకు డాక్టరమ్మా, మొదలు జర నిద్రొచ్చింది. నడుమ ఒక్క కాడ మా అవ్వ యాదికొచ్చింది. ఎందుకొచ్చిందో తెల్వది. మళ్ల నిద్రొచ్చింది."

జమునకు ఆ నిద్ర చురుక్కుమంది, అవ్వ మాట అంతకన్నా లోతుగా తగిలింది. ఏదో అనబోయేలోగా బుచ్చిరాములు చాయ్ ఆఖరి చుక్క దాకా తాగి కప్పు కింద పెట్టాడు.

"గీమె తోడి వాయిస్తలేదు," అన్నాడు. "తోడి యాడ పోయిందో ఎతుకుతుంది. తంతి మీద వేలు పెట్టి, యాడ మీటాలె అని సోంచాయిస్తుంది. వాన సప్పుడు తీసేస్తే గిండ్ల ఏం లేదు."

జమున చెవులు కాలిపోయాయి. చిన్నప్పటి నుంచీ గుండెలో దాచుకున్నదాన్ని ఒకడు అందరిముందు చింపి పడేస్తే ఎట్లుంటుందో ఆ నిమిషం ఆమెకు తెలిసింది. గురువుగారి పాట విన్ననాడు బుచ్చిరాములు ముఖం ఎందుకట్లా అయిందో కూడా తెలిసింది. తెలిసినా, ఆనాటి మాట వాపసు తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకోకుండానే కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది.

"యాడ ఎతుకుతుంది సార్? చూపియ్యుండ్రి."

"మళ్ల పెట్టుండ్రి. ఆ కాడికి రాంగనే చెయ్యెత్తుత."

జమున రికార్డింగు మొదటికి తిప్పి, సౌండు ఇంకొంచెం పెంచింది. వాన మొదలైంది, వాన వెనకే వీణ. వెంకటేశ్ గోడ వదిలి వచ్చి నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి బుచ్చిరాములు చెయ్యెత్తాడు. ఆ కాడనే అసలు తోడి ఉన్నదని జమున గట్టిగా అంది. కాదని ఆయన, ఔనని ఆమె. వెంకటేశ్ కూడా నోరు తెరిచి, తనకు ఇద్దరి మాటా తప్పనిపిస్తుందన్నాడు. మండలి పుట్టిన నాటినుంచీ ఆయన చెప్పిన మొదటి అభిప్రాయం అది.

"మీరు జర ఊకుండ్రి," అంది బాలలక్ష్మి, కళ్లు మూసుకునే. "నన్ను విననియ్యుండ్రి."