మీటకు అడ్డం పెట్టిన పుల్ల

ఆ రోజు లస్త్రి వాళ్ళ తాత సంవత్సరీకం. ముందుగదిలో చాపల మీద ఊరి మగవాళ్ళు ప్రార్థన చేస్తున్నారు. వంటింట్లో కరెంటు కుక్కర్లో అన్నం ఉడుకుతోంది. కొత్త వదిన నింగ్సిహ్ సోలో పట్నంలో బతిక్ అద్దకం పనిచేసి కొనుక్కుని, కాపురానికి తెచ్చుకున్న కుక్కర్ అది. అది వచ్చినప్పటినుంచీ అవ్వకు ఒకటే గొణుగుడు.

"కట్టెల పొయ్యి మీద అడుగంటితేనే అన్నం. ఈ డబ్బాకి మాడ్చడం కూడా చేతకాదు. మీ తాతకు మాడు లేనిదే ముద్ద దిగేదా?"

ఎందుకు మాడదో వదిన ఒకసారి నవ్వుతూ చెప్పింది. "గిన్నె కింద అయస్కాంతం ఉంటుందే పిల్లా. నీళ్ళున్నంతసేపు గిన్నె మరిగే వేడి దాటదు. అయస్కాంతం కిందికి నొక్కిన మీటను పట్టుకునే ఉంటుంది. నీళ్ళింకాయా, వేడి పెరిగి దాని పట్టు జారుతుంది. స్ప్రింగు తన్నేస్తుంది. టక్! వంట ఆగిపోతుంది."

ఆ టక్కును ఆపితే మాడు వస్తుందిగా అనుకుంది లస్త్రి. అవ్వ మెచ్చుకుంటుందని ఆశ. ఎవరూ చూడకుండా సతే కాల్చడానికి మాంసం ముక్కలు గుచ్చే వెదురుపుల్ల విరిచి, మీట పైకి లేవకుండా దూర్చింది. తర్వాత కొబ్బరి తురుముతూ మరిచేపోయింది.

ముందు కమురు వాసన, వెనకే పొగ. లోపల ఏదో కాలి కుక్కర్ చచ్చిపోయింది. అన్నం బొగ్గు.

"పట్నం పిల్లకి పట్నం డబ్బా!" అంది మేనత్త. "పోయినాయనకు బొగ్గు వడ్డించిందమ్మా!"

నింగ్సిహ్ వంగి చూసింది. పుల్ల కనబడింది. లస్త్రి ముఖమూ కనబడింది. పుల్ల లాగి కట్టుగుడ్డ మడతలో దాచేసింది.

"నీళ్ళు తక్కువ పోశాను. తప్పు నాదే."

లస్త్రి చెవులు భగ్గుమన్నాయి. తిట్టినా బాగుండేది. ఇరుగుపొరుగు ఇళ్ళనుంచి అన్నం పళ్ళేలు వస్తుంటే వదిన తలవంచుకుని ఒక్కొక్కటీ అందుకుంటోంది.

లస్త్రి అవ్వ దగ్గరకు వెళ్ళింది. "పుల్ల పెట్టింది నేనవ్వా."

"ఆఁ? నాకు చెవుడని తెలీదూ? గట్టిగా చెప్పు."

అప్పుడే ప్రార్థన ముగిసింది. ఇల్లంతా నిశ్శబ్దం. వదిన వద్దన్నట్టు తల ఊపింది.

లస్త్రి కళ్ళు మూసుకుని అరిచింది. "మీటకు పుల్ల అడ్డం పెట్టింది నేనే! వదిన కాదు!"

చాపల మీది తలలన్నీ వంటింటివైపు తిరిగాయి. అవ్వ మెల్లగా లేచి, గుమ్మంలోకి వచ్చిన పళ్ళెం వదినకంటే ముందు తాను చేయి చాచి అందుకుంది. ఆ ముడతల చేతులవైపు లస్త్రి తలెత్తి చూడలేకపోయింది.