పెట్టెలో చేరిన చెట్టు తుమ్మెదలు

హాలిఫాక్స్‌లో మా కూరమడుల దగ్గర తుమ్మెద కనిపిస్తే దాని పేరు అడగడానికి నా దగ్గరికే వస్తారు. తోక ఎర్రగా ఉంటే ఒకటి, మట్టిరంగుకు తిరిగితే ఇంకొకటి, ఒళ్లంతా తేనెరంగు బొచ్చయితే మరొకటి. వీపు జాజురంగు, నడుము నలుపు, తోక తెలుపు అయితే చెట్టు తుమ్మెద. నాకు తడుముకోవాల్సిన పని లేదు.

ఆ జూన్‌లో క్లిఫర్డ్ షెడ్డుకు పిట్టల కోసం కొట్టిన చెక్కపెట్టెలో చెట్టు తుమ్మెదలు కాపురం పెట్టాయి. పక్క మడివాడైన క్లిఫర్డ్‌కు తుమ్మెద కుడుతుందంటే ప్రాణభయం. పురుగుమందు చల్లేవాడికి ఫోన్ చేయబోతుంటే పరుగెత్తాను.

"ఆగవయ్యా! గూడంతా చంపిస్తావా?"

"చంపించక? చూడు హిల్డా, గుంపుగా కాపు కాశాయి, నా మీద పడడానికే."

"నీ మీదా? అంత సీను లేదులే. అవన్నీ మగవి. లోపల్నుంచి పెళ్లికూతుళ్లు ఎప్పుడొస్తారా అని అక్కడే చక్కర్లు కొడుతున్నాయి. మగవాటికి ముల్లే ఉండదు. చూడు!"

పెట్టె ముందు చెయ్యి చాచి ఒకదాన్ని గుప్పిట పట్టాను. చురుక్కుమంది.

చక్కర్లు కొట్టేదాన్ని కాదు, కాళ్లకు పుప్పొడి మూటలతో ఇంట్లోకి పోతున్న ఆడదాన్ని పట్టాను. నా తెలివి మంటగలిసింది. అయినా నవ్వుతూనే దాన్ని వదిలి, చెయ్యి స్వెటర్ జేబులో దాచుకున్నాను.

"చూశావా? ఏమీ కాలేదు."

క్లిఫర్డ్ ఫ్లాస్కులోంచి టీ పోశాడు. ఎడమచేత్తో అందుకుని తాగాను.

"అంత సాధువులా? అయితే నేనూ పడతా," అంటూ లేచి, సరిగ్గా పెట్టె కన్నం దగ్గరికే చెయ్యి పెట్టబోయాడు. దాచుకున్న చేత్తోనే అతని మణికట్టు పట్టుకుని లాగాను. నా అరచెయ్యి బన్నులా ఉబ్బి ఉంది.

"ఇదేంటి తల్లీ?"

"కుట్టింది. ఇందాకే. అది ఆడది, నేనే పొరబడ్డాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. గూడు పని అయిపోయినట్టేనని ఏడుపొచ్చింది.

క్లిఫర్డ్ నా అరచేతిని చూశాడు. ఖాళీ కప్పును చూశాడు.

"కుట్టాకే టీ అంతా తాగావా?"

"తాగకేం? మండుతోంది, అంతే కదా."

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంతేనా? దీనికా నేను బతుకంతా పరిగెత్తింది!"